మూడో సిలిండర్‌లో నీళ్లు

మెట్ల వీధి ఇల్లు,
సోమవారం, ట్రిప్పు ముగిశాక.

మరిదికి,

ఉత్తరం చూడగానే కొంప మునిగిందనుకోకు. ఇంకా మునగలేదు. మునిగేలా ఉందని రాస్తున్నాను. మీ సొరంగం క్యాంపులో ఫోన్ పలకదనీ, వారానికి రెండుసార్లు వచ్చే సరుకుల లారీలోనే ఉత్తరాలు వస్తాయనీ మీ ఆఫీసులో కనుక్కున్నాను.

నువ్వూ మీ అన్నా ఎందుకు మాటలు మానేశారో నేను అడగను. ఆయన ఉన్నప్పుడూ అడగలేదు, పోయి పద్నాలుగు నెలలయినా అడగలేదు. ఇప్పుడు అడిగేది బండి గురించి. ఆ వ్యాను ఇంజను నీకు తెలిసినట్టు ఇంకెవరికీ తెలియదు. మనసులో ఏమున్నా ఓ పక్కన పెట్టి జవాబు రాయి.

ఆయన పోయిన నెలకే తాళాలు నేను తీసుకున్నాను. ఘాట్ రోడ్డు మీద ఆడమనిషి డ్రైవింగా అని నోరు నొక్కుకున్నవాళ్లు ఇప్పుడు నా వెనక సీట్లలో హాయిగా నిద్రపోతున్నారు. సోమ, బుధ, శుక్రవారాలు ఎనిమిది మందిని కొండ ఎక్కించి అవతలికి దింపి ఆసుపత్రికి చేరుస్తాను. మూత్రపిండాలు పని చెయ్యని మనుషులు. మిషను మీద నాలుగు గంటలు పడుకుని రక్తం శుభ్రం చేయించుకోవాలి. ఆ నాలుగు గంటలూ నేను అక్కడే ఉండి మళ్లీ వెనక్కి తెస్తాను. ఒక రోజు తప్పితే కాళ్లు పొంగుతాయి, రెండోది తప్పితే ఊపిరాడదు.

జబ్బు ఇదీ. రేడియేటర్లో నీళ్లు తగ్గిపోతున్నాయి. మీ అన్న రోజూ పొద్దున్నే ఒక గ్లాసు పోసేవాడు. అది అలవాటేమో అనుకుని నేనూ పోస్తూ వచ్చాను. గ్లాసు కాస్తా సీసా అయింది, ఇప్పుడు సీసాన్నర. కింద చూస్తే చుక్క ఉండదు. దానికి తోడు పొద్దున్నే సెల్ఫ్ కొడితే అందుకోదు. ఐదారుసార్లకి లేస్తుంది. లేచి, తడిసిన కుక్కలా ఒళ్లంతా విదిలించుకుంటూ రెండు నిమిషాలు వణుకుతుంది. ఆ తర్వాత ఏమీ ఎరగనట్టు నడుస్తుంది.

వీధి చివర మెకానిక్కు షెడ్డాయనకి చూపించాను. ఊరంతా సైలెన్సర్ అని పిలుస్తారు. ఆ పేరు పెట్టినవాడెవడో గానీ, ఈయన నోటికి మాత్రం ఆ సామాను బిగించలేదు. మాట్లాడుతూనే బ్యాటరీ మార్చాడు, గొట్టాలు మార్చాడు, రేడియేటర్ మూత మార్చాడు. ఇప్పుడు వాటర్ పంపు అంటున్నాడు. నేను ఆపాను. చీకట్లో రాళ్లు విసురుతుంటే చూస్తూ ఊరుకోవడం నా వల్ల కాదు. నువ్వు చెప్పు.

వదిన


జనరేటర్ షెడ్డు, సొరంగం క్యాంపు,
గురువారం.

గౌరవనీయులైన వదినగారికి,

మీ ఉత్తరం అందింది. సామాన్లు మార్చడం ఆపి మంచి పని చేశారు.

నీళ్లు తగ్గడం, స్టార్ట్ కాకపోవడం. ప్రస్తుతానికి రెండిటినీ విడివిడిగా చూడండి. సాయంత్రం బండి నిలిపాక ఇంజను కింద ఎండిన అట్టపెట్టె పరిచి, పొద్దున్న తీసి చూడండి. తడి ఎక్కడుందో అట్టే చెబుతుంది. బండి లోపల ముందు సీటు కాళ్ల దగ్గర పరిచిన పట్టా ఎత్తి చేత్తో తడమండి. అద్దం మీద ఆవిరి పోగొట్టే హీటరు లోపల కారితే అక్కడ జిగురుగా తగులుతుంది. రేడియేటర్ పక్కనున్న నీళ్ల డబ్బా మీద, ఇంజను చల్లగా ఉన్నప్పుడు, రంగుతో గీత గీయండి. ఎన్ని కిలోమీటర్లకి ఎంత దిగిందో రాసిపెట్టండి. వేడిగా ఉండగా రేడియేటర్ మూత మాత్రం తియ్యకండి. మొహం కాలుతుంది. నా షెడ్డులో ఒకడికి కాలింది.

స్టార్టింగ్ సంగతి. సెల్ఫ్ కొట్టినప్పుడు ఇంజను చురుగ్గా తిరుగుతోందా, మూలుగుతూ తిరుగుతోందా? చురుగ్గా తిరిగి కూడా అందుకోకపోతే తప్పు బ్యాటరీది కాదు. ఎప్పుడెప్పుడు మొరాయిస్తోంది, ఎప్పుడు మొరాయించడం లేదు, అది ముఖ్యం. వెనక గొట్టంలోంచి వచ్చే పొగ రంగు చూడండి. వాసన కూడా.

ఇట్లు,
మీ మరిది


మెట్ల వీధి ఇల్లు,
శనివారం.

మరిదీ,

గౌరవనీయులైన వదినగారా! ఈ మర్యాద ఏ సొరంగంలో తవ్వితే దొరికిందయ్యా? నా కంచంలోంచి ముక్కలు ఎత్తుకుపోయి తిన్నవాడివి. నీ 'మీరు' చదువుతుంటే ఆసుపత్రి నోటీసు చదివినట్టుంది.

ఈ వారమంతా నువ్వు చెప్పినవన్నీ చేశాను. అట్ట మూడు పొద్దులూ ఎండిపోయినట్టే ఉంది. పట్టా కింద తడి లేదు, ఎప్పుడో పోయిన నా చెవిపోగు మాత్రం దొరికింది. గీత గీశాను. లెక్కలు రాసే పని టీచరమ్మ తీసుకుంది. ముందు సీట్లో కూర్చునే పేషెంటు ఆవిడ, ముప్పయ్యేళ్లు లెక్కలు చెప్పి రిటైరైంది. గీతల పుస్తకం కొనుక్కొచ్చి గడులు గీసి, నేను సెల్ఫ్ కొట్టినప్పుడల్లా వాచీ చూసుకుంటోంది. వెనకనుంచి దర్జీ, "టీచరమ్మగారూ, బండికి ఎన్ని మార్కులు?" అంటాడు. ఆవిడ తల తిప్పకుండా, "నీకంటే ఎక్కువే" అంటుంది. ఆ దర్జీ కూడా పేషెంటే. నవ్వకపోతే ఆ రోజు ఆయనకి బాగోలేదని అర్థం.

పుస్తకంలో తేలింది ఇదీ. సెల్ఫ్ చురుగ్గానే తిరుగుతోంది. పెట్రోలు కోసం పది నిమిషాలు ఆపితే ఒక్క దెబ్బకే లేస్తోంది. ఆసుపత్రి దగ్గర నాలుగు గంటలు ఆగితే మొరాయిస్తోంది. రాత్రంతా ఆగితే ఇంకా మొరాయిస్తోంది. కొండ ఎక్కిన రోజు నీళ్లు ఎక్కువ తగ్గుతున్నాయి, మర్నాడు పొద్దున్న వణుకుడూ ఎక్కువే. పొగ తెల్లగా, చిక్కగా, ఎండెక్కినా పోకుండా వస్తోంది. ముక్కు పెట్టి చూశాను, తియ్యటి వాసన, దగ్గు మందులా. నిప్పు లేనిదే పొగ రాదంటారు. మన బండికి నీళ్లు లేనిదే పొగ రావడం లేదు.

నా బుర్రకి తోచింది చెబుతాను, తప్పయితే దిద్దు. ఇవి రెండు జబ్బులు కావు. ఒకటే. నీళ్లు బయటికి పోవడం లేదు, లోపలికి పోతున్నాయి. బండి నిలిపాక నిప్పు రగలాల్సిన చోట చేరి కూర్చుంటున్నాయి. పొద్దున్నే తడి పొయ్యి వెలిగించినట్టే అవుతోంది. అవునా, కాదా?

వదిన


జనరేటర్ షెడ్డు,
మంగళవారం.

వదినగారికి,

మీరు అనుకున్నట్టే అయ్యుండాలని ఏమీ లేదు. పాత బండ్లలో నీళ్లు తగ్గడానికి సవాలక్ష కారణాలు ఉంటాయి. చలికాలం కాబట్టి పొగ తెల్లగా రావడం మామూలే. సైలెన్సర్ చెప్పినట్టు వాటర్ పంపు కూడా అయ్యుండొచ్చు, మార్పించి చూడండి. లీకు మందు అని సీసాల్లో అమ్ముతారు, రేడియేటర్లో పోస్తే సన్నటి కంతలు పూడిపోతాయి. ముందు అది పోయించండి.

సిలిండర్ల మీద మూతలా బిగించి ఉండే హెడ్ మాత్రం ఎవరినీ విప్పనివ్వకండి. అంత పాత ఇంజను ఒకసారి విప్పితే మళ్లీ కుదురుకోదు. నాకు ఇక్కడ పని ఎక్కువగా ఉంది. మూడో జనరేటర్ ఆగిపోయింది.

మరిది


మెట్ల వీధి ఇల్లు,
శుక్రవారం.

మరిదీ,

గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నట్టుంది నీ ఉత్తరం. హెడ్ విప్పమని నేనన్నానా? ఆ మాటే ఎత్తలేదే. నువ్వెందుకు ఎత్తావు?

లీకు మందు పోసేవాడు మెకానిక్కు కాదు, మంత్రగాడు అని నీ షెడ్డు గోడ మీద నువ్వే సుద్దముక్కతో రాశావు. నేను చూసి నవ్వాను. ఇప్పుడు అదే పొయ్యమంటున్నావు.

బుధవారం ఏం జరిగిందో చెబుతాను, విను. కొండ ఎక్కుతుంటే నాలుగో మలుపులో వేడి ముల్లు ఎర్ర గీత వైపు పరుగెత్తింది. పక్కకి తీసి ఆపాను. ఎనిమిది మందితో, గాలికి. నీళ్లున్నాయి, కానీ నువ్వు చెప్పావు కదా, మూత ముట్టుకోలేదు. దర్జీ కాసేపు జోకులు వేశాడు. తర్వాత వెయ్యలేదు. చూస్తే పెదాలు తెల్లబడ్డాయి, ఎక్కిళ్లు పెట్టినట్టు ఊపిరి తీస్తున్నాడు. టీచరమ్మ తన శాలువ తీసి ఆయన భుజాల చుట్టూ కప్పింది. నలభై నిమిషాలకి సిమెంటు లారీ ఒకటి వచ్చింది. రోడ్డుకి అడ్డంగా నిలబడ్డాను. డ్రైవరు తిట్టబోయి, వ్యానులోకి తొంగి చూసి, "ఎక్కించండమ్మా" అన్నాడు. నలుగురిని ముందు, నలుగురిని వెనక బస్తాల మీద. రెండు గంటలు ఆలస్యం. ఆసుపత్రి నర్సు దర్జీ చెయ్యి పట్టుకుని నాడి చూస్తూ, నావైపు ఒక్కసారి చూసింది. ఆ చూపు కంటే తిట్టుంటే బాగుండేది.

నిన్న బండిని కొండ దింపించి, నేనూ సైలెన్సరూ కలిసి నాలుగు ప్లగ్గులూ విప్పాం. మూడు మట్టి రంగులో ఉన్నాయి. మూడో సిలిండర్ ప్లగ్గు మాత్రం అప్పుడే తోమి బోర్లించిన గిన్నెలా తెల్లగా మెరుస్తోంది. ఆవిరి కడిగింది దాన్ని. తర్వాత ఇంజను చల్లగా ఉన్నప్పుడే మూత తీసి స్టార్ట్ చేస్తే రేడియేటర్లో బుడగలు, ఉడుకుతున్నట్టు. సైలెన్సర్ మొదటిసారి నోరు మూసుకున్నాడు. బోల్టుల తలలు తడిమి చూసి, "అమ్మా, ఈ హెడ్ ఇదివరకు ఎవరో విప్పారు" అన్నాడు.

ఆ ఎవరో ఎవరో నాకూ తెలుసు, నీకూ తెలుసు. నువ్వేదో దాస్తున్నావు. బండి గురించి అయితే చెప్పు. బండి గురించి కాకపోతే దాచుకో, నాకక్కర్లేదు.

వదిన


జనరేటర్ షెడ్డు,
ఆదివారం.

వదినా,

ముందు ఇది చదువు, మిగతాది తర్వాత. బండి ఇక స్టార్ట్ చెయ్యకు. ఒక్కసారి కూడా. సిలిండర్‌లో నీళ్లు ఎక్కువ చేరితే, నీళ్లు గాలిలా నలగవు, లోపల పిస్టన్ని తోసే రాడ్డు వంగిపోతుంది, ఇంజను అక్కడితో సరి. కొండ మీద అయితే ఏమవుతుందో నేను రాయక్కర్లేదు.

నీ మొదటి ఉత్తరం చదివినప్పుడే నాకు తెలుసు. చదివి, మడిచి, జేబులో పెట్టుకుని, అట్టపెట్టెలు పరచమని రాశాను. రెండో ఉత్తరంలో నువ్వే కనిపెట్టేశావు. నాకు భయమేసింది.

మూడేళ్ల కిందట ఆ హెడ్ విప్పింది నేనే. ఇంజను ఒకసారి బాగా వేడెక్కిందని అన్నయ్య తెచ్చాడు. వేడెక్కిన హెడ్ వంగుతుంది. చదును చేసిన ఉక్కు పట్టీ దాని మీద అడ్డంగా పెట్టి, కింద సందు ఉందేమో చూడాలి. ఉంటే లేత్ షాపులో గీకించి చదును చేయించాలి. ఫేసింగ్ అంటారు. అది చూడకుండా బిగించేవాడికి పని నేర్పకూడదని నేనే అందరికీ చెప్పేవాణ్ణి. ఆ వారం లేత్ షాపు మూసి ఉంది. అన్నయ్యకి మర్నాడు ట్రిప్పు. నా చేతి మీద నాకు అంత గర్వం, వదినా. కంటితో చూశాను, బాగానే ఉందనుకున్నాను. హెడ్ కింద నీళ్లు దూరకుండా పరిచే గ్యాస్కెట్ కొత్తది వేసి బిగించేశాను. "పట్టీ పెట్టి చూశావా?" అని అన్నయ్య అడిగాడు. చూశానన్నాను.

రెండు వారాలకి షెడ్డుకి వచ్చాడు. పది మంది ఉన్నారు. మెల్లగానే చెప్పాడు, "నీళ్లు తగ్గుతున్నాయిరా" అని. అందరూ నావైపు చూశారు. నేను స్పానర్ నేలకేసి కొట్టి, "నా పని మీద నమ్మకం లేకపోతే ఇంకొకడికి చూపించుకో!" అని అరిచాను. అన్నయ్య తిరిగి వెళ్లిపోయాడు. ఆ నెలలోనే నేను ఈ క్యాంపులో చేరాను. ఇంకొకడికి చూపించి బాగు చేయించుకుని ఉంటాడనే ఇన్నాళ్లూ అనుకున్నాను. నీ ఉత్తరం వచ్చేదాకా.

అబద్ధం ఆడింది నేను. కోపం చూపించింది నేను. ఇక దర్జీకి ఏమైనా అయితే అదీ నా మీదే. ఆయన ఎలా ఉన్నాడో రాయి.

నీ మరిది


మెట్ల వీధి ఇల్లు,
బుధవారం.

మరిదీ,

దర్జీ బాగున్నాడు. "లారీలో బస్తాల మీద ఎక్కించింది చాలక, ఇప్పుడు పాల వ్యానులో ఎక్కిస్తోంది, రేపు గాడిద మీద ఎక్కిస్తుంది" అని నా గురించి ఆసుపత్రి అంతా చాటుతున్నాడు. నీ ఉత్తరం అందగానే బండి ఆపేశాను. పాల వ్యానాయన పాలు పంచాక ఖాళీయే కాబట్టి రెండు వారాలకి ఒప్పుకున్నాడు. వెనక బెంచీలు బిగించి, పరుపులు వేశాం. కుదుపులకి టీచరమ్మ పుస్తకంలో అంకెలు అటూ ఇటూ పోతున్నాయి, అదొక్కటే ఆవిడ బాధ.

నేనూ నీకు ఒకటి చెప్పాలి. చెప్పకూడదనే అనుకున్నాను. నువ్వు అంతా రాశాక దాచడం న్యాయం కాదు.

మీ అన్న ఎవరికీ చూపించలేదు. రోజూ పొద్దున్నే గ్లాసుతో నీళ్లు పోస్తుంటే ఒకరోజు అడిగాను.

"రోజూ ఈ అభిషేకం ఏమిటండీ? సైలెన్సర్‌కి చూపించొచ్చుగా" అన్నాను.

"వాడు చేసిన ఇంజను ఇది. ఇంకొకడు విప్పితే ఊళ్లో వాడి పేరు పోతుంది" అన్నాడు.

"మరి వాడికే చూపించండి."

"వాడే వస్తాడు. అప్పటిదాకా నీళ్లకేం కరువు?"

ఇది జరిగి రెండేళ్లు దాటింది. నాకు అప్పుడు సగమే అర్థమైంది. నీ ఉత్తరం చదివాక మిగతా సగం అర్థమైంది. నువ్వు అబద్ధమాడావని ఆయనకి తెలుసు. తెలిసే నీ పేరు కాపాడాడు. 'ఇంకొకడికి చూపించుకో' అని నువ్వంటే, చచ్చేదాకా ఇంకొకడికి చూపించలేదు.

ఇది చదివి నువ్వు ఏడుస్తావని తెలుసు. ఏడువు. కానీ ఆయన చేసింది గొప్ప పని అని మాత్రం నేననను. ఒక ఉత్తరం ముక్క రాసి ఉంటే నువ్వు వచ్చేవాడివి. ఆయనకీ పంతమే. మీ అన్నదమ్ముల ప్రేమకి నాలుగో మలుపులో ఎనిమిది మంది గాలికి వణికారు. ప్రేమ ఉంటే చాలదు, పట్టీ పెట్టి చూడాలి.

సరే. ఇప్పుడు పని. నీ బదులు మనిషి దొరికి సెలవు వచ్చేసరికి నెల పడుతుందని మీ ఆఫీసువాళ్లు అన్నారు. పాల వ్యాను రెండు వారాలే. కాబట్టి ఆ హెడ్ ఇక్కడే విప్పుతాం. సైలెన్సర్ షెడ్డులో, నేను పక్కన ఉండగా. అతను ఈ రకం ఇంజను ఎప్పుడూ ముట్టలేదట, నిజాయితీగానే చెప్పాడు. మొదటి నుంచి చివరి దాకా ఎలా చెయ్యాలో రాసి పంపు. నీ చేతి పని ఇంకొకడు చూస్తాడనే బాధ ఉంటే దాన్ని ఇవాళే మింగెయ్యి.

వదిన


జనరేటర్ షెడ్డు,
శనివారం.

వదినా,

మింగేశాను.

లారీ డ్రైవరు చేతికి ఒక పొడుగాటి పెట్టె ఇచ్చాను. అందులో నా టార్క్ రెంచి ఉంది. ఎంత బిగువు కావాలో దాని మీద పెడితే, అంత రాగానే టక్కుమంటుంది. ఆ శబ్దం వినగానే ఆపాలి, ఇంకో పిసరు కూడా లాగకూడదు. పక్కనే ఉక్కు పట్టీ ఉంది. దాన్ని కింద పడెయ్యనివ్వకు.

ఇంజను పూర్తిగా చల్లారాకే మొదలుపెట్టండి. హెడ్ బోల్టులు పది. విప్పేటప్పుడు అంచుల నుంచి మధ్యకి, తలా కొంచెం వదులు చేస్తూ రండి. బిగించేటప్పుడు దానికి తిరగేసి, మధ్యలోంచి మొదలుపెట్టి అటొకటి ఇటొకటి, బయటికి. ఒకేసారి బిగించెయ్యకుండా మూడు విడతలుగా. వెనక కాగితం మీద బొమ్మ గీసి అంకెలు వేశాను, ఎంత బిగువో కూడా రాశాను. టీచరమ్మకి చూపించు, ఆవిడ ముందు తప్పు జరగదు. పాత బోల్టులు మళ్లీ వాడకండి, కొత్తవి తెప్పించండి. బోల్టు దిగే రంధ్రాల్లో నీటి చుక్క, నూనె చుక్క ఉండకూడదు.

హెడ్ తీశాక పట్టీని నిలువుగా, అడ్డంగా, మూల నుంచి మూలకి పెట్టి చూడండి. పట్టీ కింద పల్చటి రేకు దూరితే లేత్ షాపుకి పంపండి. షాపు మూసి ఉంటే, తెరిచేదాకా ఆగండి. ఎవరు తొందరపెట్టినా ఆగండి. పగులు ఉందేమో కూడా వాళ్లనే చూడమనండి.

ఇంజను ఆయిలు మార్చండి. ఆఖర్న పచ్చి నీళ్లు పొయ్యొద్దు. తుప్పు పట్టకుండా కూలెంటు కలిపిన నీళ్లే పోసి, మూత తీసి ఉంచి స్లోగా నడపండి, లోపలున్న గాలి అంతా బుడగలుగా పోయేదాకా.

ఇంకొకటి. ముందు ఈ హెడ్ బిగించింది ఎవరని సైలెన్సర్ అడిగితే, నేనేనని చెప్పు. అడక్కపోయినా చెప్పు.

అన్నయ్య మాట చదివాక రెండు రోజులు ఏమీ రాయలేకపోయాను. ఇప్పుడూ రాయలేను.

నీ మరిది


మెట్ల వీధి ఇల్లు,
ఆదివారం.

మరిదీ,

నీ ఇంజను గుండెకాయ ఇప్పుడు నాకు నా వంటిల్లు కంటే బాగా తెలుసు.

సోమవారం హెడ్ ఎత్తాం. మూడో సిలిండర్‌కీ నీళ్ల దారికీ మధ్య గ్యాస్కెట్ వేలెడు మేర కాలిపోయి, కొరికిన రొట్టె అంచులా ఉంది. పట్టీ పెట్టాను. నేనే పెట్టాను. మధ్యలో రేకు ఒకటి కాదు, రెండు దూరాయి. సైలెన్సర్ అది చూసి, "ఇది బిగించినవాడు..." అని మొదలుపెట్టాడు. "మా మరిది" అన్నాను. మిగతా మాట మింగి, కాసేపు రెంచి తుడిచి, "పదేళ్ల కిందట నేనూ ఒకటి ఇలాగే బిగించానమ్మా. ఆ బండివాడు మళ్లీ రాలేదు. వస్తే బాగుండేది" అన్నాడు. ఆ తర్వాత అరగంట దాకా ఏమీ మాట్లాడలేదు. షెడ్డులో అందరూ పని ఆపి చూశారు, ఆయనకి జ్వరమేమోనని.

తప్పు నీదే. నీకు ఊరటగా ఉంటుందని అబద్ధం రాయను. కానీ మొత్తం నీదే కాదు. నీళ్ల దారులన్నీ తుప్పు పట్టి ఎర్రగా ఉన్నాయి. మూడేళ్లు పచ్చి నీళ్లు పోసింది మీ అన్నా, నేనూ. ఆ వాటా మాది.

లేత్ షాపులో రెండు రోజులు ఆగాం. పాల వ్యానాయన గడువు దగ్గరపడుతోందని అందరూ గోల. నీ కాగితం చూపించి, ఆగండి అన్నాను. పగుళ్లు లేవు. నున్నగా, అద్దంలా చేసి ఇచ్చారు.

బోల్టులు నేను బిగించాను. సైలెన్సర్ చేతులు జోడించి, "మీ ఇంటి పని మీరే పూర్తి చెయ్యండి" అన్నాడు. టీచరమ్మ స్టూలు వేసుకుని కూర్చుని, బొమ్మ చూస్తూ అంకెలు చదివింది. మూడో విడతలో ఏడో బోల్టు దగ్గర రెంచి జారింది. "తొందరేం లేదు, మళ్లీ ఏడు" అందావిడ. క్లాసులో మొద్దు పిల్లకి చెప్పినట్టు. టక్కుమంది. పదోది టక్కుమన్నాక రెంచి కింద పెట్టి బయటికొచ్చి, గోడకి ఆనుకుని ఏడ్చాను. ఎవరి కోసమో తెలియదు. ఏడ్చి మొహం కడుక్కుని వచ్చి సెల్ఫ్ కొట్టాను.

ఒక్క దెబ్బకి లేచింది. వణుకు లేదు.

మూడు ట్రిప్పులు తిరిగాను, మొదటి రెండూ ఖాళీగా, మూడోది ఎనిమిది మందితో. నీళ్లు గీత దగ్గరే ఉన్నాయి. వెంట్రుకవాసి కూడా దిగలేదు. పొగ లేదు. నాలుగో మలుపులో అందరూ మెడలు చాచి ముల్లు వైపే చూశారు. అది మధ్యలోనే నిలబడింది. దర్జీ చప్పట్లు కొట్టాడు.

ఆసుపత్రి నర్సు ఇంకో మాట అంది. కొండకి ఇవతల ఇంకో ఆరుగురు ఉన్నారట, మంగళ, గురు, శనివారాలు కూడా నడపగలవా అని. బండి నడుస్తుంది. మనిషిని నేనొక్కదాన్నే. చూద్దామన్నాను.

సెలవు దొరికితే రా. బండి చూడటానికి కాదు. బండి బాగుంది.

వదిన


నీ వంటింట్లో, కిటికీ పక్క బల్ల దగ్గర,
శుక్రవారం.

వదినా,

నా బదులు మనిషి అనుకున్నదానికంటే ముందే వచ్చాడు. ఇవాళ పొద్దున్న సరుకుల లారీలో దిగాను. నువ్వు ట్రిప్పుకి వెళ్లావు. పక్కింటావిడ తాళం చెవి ఇస్తూ నన్ను పైనుంచి కిందికి చూసి, "ఆ మరిదివా?" అంది. ఆ అన్నాను. ఇంకేమీ అడగలేదు. ఊరంతటికీ తెలుసన్నమాట. మంచిదే.

నువ్వు వచ్చాక నోరు పెగలదని తెలిసి ముందే రాసిపెడుతున్నాను.

దారిలో సైలెన్సర్ షెడ్డు దగ్గర ఆగాను. పాత గ్యాస్కెట్ పారెయ్యకుండా ఉంచాడు. చేతిలో పట్టుకుని చూశాను. నా వేళ్ల కింద ఆ కాలిన చోటు గరుకుగా తగిలింది. దాన్ని ఇచ్చెయ్యమన్నాను. క్యాంపులోనో, ఇక్కడో, ఎక్కడ షెడ్డు పెట్టినా గోడకి వేలాడదీస్తాను. చూసినవాళ్లు అడుగుతారు. చెబుతాను.

తర్వాత అన్నయ్య గదిలోకి వెళ్లాను. వాడి చొక్కాలు ఇంకా కొక్కేనికే ఉన్నాయి. "చూడలేదురా, చూశానని చెప్పాను" అని పైకే అన్నాను. ఖాళీ గదిలో మాట్లాడితే పిచ్చిగా ఉంటుందనుకున్నాను. లేదు. మూడేళ్లకి మొదటిసారి నా గొంతు నాకు మామూలుగా వినిపించింది.

మంగళ, గురు, శని నేను నడుపుతాను. నీకు ఇష్టమైతేనే. ఉద్యోగం మానేస్తున్నానని చెప్పి రాలేదు, నీ మాట విన్నాక చెబుదామని. ఊరికే ఒప్పుకోకు. కొండ మీద పక్కన కూర్చుని పరీక్ష పెట్టు, టీచరమ్మని మార్కులు వెయ్యమను. తప్పితే మళ్లీ రాస్తాను.

వీధి మొదట్లో ఏదో బండి ఎక్కుతోంది. పాత ఇంజనే. గేరు తగ్గించారు, లోడు మీద ఉంది. ఒకటి, రెండు, మూడు, నాలుగు. నాలుగూ సమానంగా పలుకుతున్నాయి. మూడోది కూడా.

నువ్వే. కలం కింద పెడుతున్నాను. వాళ్లని దింపడానికి చెయ్యి కావాలి కదా.